కోడ్ సంక్లిష్టత: కొలతలు, పొడవైన మెథడ్‌ల రీఫ్యాక్టరింగ్

ఒక ప్రోగ్రామును చదివి అర్థం చేసుకోవడానికి, పరీక్షించడానికి, తప్పు దొర్లకుండా మార్చడానికి ఎంత శ్రమ పడాలో అంకెల్లో చెప్పే ప్రయత్నాన్ని కోడ్ సంక్లిష్టత కొలత అంటారు. ప్రోగ్రాము చేసే పనిలో తేడా రాకుండా దాని లోపలి అమరికను మెరుగుపరచడం రీఫ్యాక్టరింగ్. ఈ రెండూ ఎక్కువగా ఎదురుపడేది పొడవైన మెథడ్ దగ్గర. జావా, సీ షార్ప్ వంటి భాషల్లో క్లాస్‌కు చెందిన ఫంక్షన్‌ను మెథడ్ అంటారు. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ ఫంక్షన్లకూ మెథడ్‌లకూ వర్తిస్తాయి.

ఆరు వందల లైన్ల మెథడ్ రాద్దామని ఎవరూ కూర్చోరు. అది మొదట ముప్ఫై లైన్లతో చక్కగానే పుడుతుంది. కొత్త నిబంధన వచ్చినప్పుడు ఒక ఇఫ్ చేరుతుంది, ఒక ఖాతాదారుడి కోసం మినహాయింపు చేరుతుంది, పాత డేటా సరిగా లేదని ఇంకో తనిఖీ చేరుతుంది. ప్రతి మార్పూ విడిగా చూస్తే సబబే. అలా కొన్నేళ్ళు గడిచాక పైనుంచి కింద దాకా చదివి ఏం జరుగుతోందో చెప్పగలవాళ్ళు జట్టులో ఎవరూ మిగలరు. ఐబీఎం ఓఎస్/360 ఎదుగుదలను గమనించిన మీర్ లేమన్ 1974లో సాఫ్ట్‌వేర్ పరిణామ సూత్రాలను చెప్పినప్పుడు రెండో సూత్రం దీని గురించే: వాడుకలో ఉంటూ మారుతున్న వ్యవస్థ సంక్లిష్టత, తగ్గించడానికి ప్రత్యేకంగా పని చేయకపోతే, పెరుగుతూనే ఉంటుంది.

కొలతలు ఆ పని ఎక్కడ చేయాలో చూపిస్తాయి. ఎలా చేయాలో మాత్రం చెప్పవు. ఈ రంగంలో జరిగిన వాదాలు చాలావరకు ఈ తేడాను మరిచిపోవడం వల్ల వచ్చినవే.

గోటూ నుంచి గ్రాఫ్ వరకు

1960ల ప్రోగ్రాముల్లో సంక్లిష్టత అంటే ముఖ్యంగా గోటూ వాక్యం. కోడ్‌లో ఎక్కడి నుంచి ఎక్కడికైనా దూకవచ్చు. అందువల్ల ఒక లైను దగ్గర ఆగి, ఇక్కడికి ఎలా వచ్చామని అడిగితే జవాబు దొరికేది కాదు. 1966లో కొర్రాడో బోమ్, జుసెప్పె యాకొపీని వరుస, ఎంపిక, పునరావృతం అనే మూడు అమరికలు చాలునని గణితపరంగా చూపారు. 1968 మార్చిలో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా గోటూకు వ్యతిరేకంగా రాసిన లేఖ అచ్చయింది. ఆ లేఖకు పేరుపడిన శీర్షిక డైక్‌స్ట్రాది కాదు, అప్పటి సంపాదకుడు నిక్లాస్ విర్త్ పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో జరిపిన సమావేశంతో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అనే పేరు స్థిరపడింది.

ప్రోగ్రామును ముక్కలు చేయడం ఎలా అన్న ప్రశ్నకు 1972లో డేవిడ్ పార్నాస్ ఇచ్చిన జవాబు నేటికీ పాతబడలేదు. పని జరిగే క్రమాన్ని బట్టి ముక్కలు చేయవద్దు, రేపు మారే అవకాశమున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక మాడ్యూల్‌లో దాచి ఉంచండి అని ఆయన వాదించారు. 1974లో స్టీవెన్స్, మయర్స్, కాన్‌స్టంటైన్ రాసిన వ్యాసం రెండు మాటలను ప్రచారంలోకి తెచ్చింది: ఒక ముక్కలోని భాగాలు ఒకే పని కోసం కలిసి ఉండటం కొహీషన్, ముక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడటం కప్లింగ్. అంకెలు రాకముందే అసలు ఆలోచన సిద్ధమైపోయిందన్నమాట.

మెక్‌కేబ్ సంఖ్య

1976 డిసెంబరులో థామస్ మెక్‌కేబ్ ప్రచురించిన పత్రంతో ఈ రంగానికి తొలి స్థిరమైన కొలమానం దొరికింది. ఆయన పద్ధతి గ్రాఫ్ సిద్ధాంతం నుంచి వచ్చింది. ఫంక్షన్‌లోని కోడ్‌ను శీర్షాలుగా, ఒక చోటి నుంచి మరో చోటికి నియంత్రణ వెళ్ళే దారులను అంచులుగా గీస్తే ఒక గ్రాఫ్ వస్తుంది. అంచుల సంఖ్యలోంచి శీర్షాల సంఖ్య తీసివేసి 2 కలిపితే వచ్చేదే సైక్లొమాటిక్ సంక్లిష్టత. ఆచరణలో గ్రాఫ్ గీయనక్కర్లేదు. ఇఫ్, ఫర్, వైల్, కేస్ వంటి నిర్ణయ స్థానాలను లెక్కపెట్టి 1 కలిపితే చాలు. ఒకే షరతులో వచ్చే ‘మరియు’, ‘లేదా’లను కూడా నిర్ణయాలుగానే లెక్కించే పరికరాలు ఎక్కువ.

ఆ అంకెకు కచ్చితమైన అర్థం ఉంది. ఫంక్షన్‌లో ఒకదానిపై ఒకటి ఆధారపడని దారులు ఎన్ని అన్నదే అది. ఆ దారులన్నిటినీ ఒక్కసారైనా నడిపి చూడాలంటే కనీసం అన్ని టెస్టులు కావాలి. అందుకే మెక్‌కేబ్ సంఖ్యను పరీక్ష ఖర్చుకు సూచికగా తీసుకుంటే దాని బలం బాగా తెలుస్తుంది. చదువరి పడే కష్టానికి సూచికగా తీసుకుంటే బలహీనత బయటపడుతుంది.

10 దాటకూడదన్న ప్రసిద్ధమైన పరిమితి కూడా ఆ పత్రం నుంచి వచ్చిందే. మెక్‌కేబ్ దాన్ని సహేతుకమైన హద్దుగా సూచించారు తప్ప ప్రకృతి నియమంగా చెప్పలేదు. ఒక మినహాయింపూ ఇచ్చారు. పరస్పరం సంబంధం లేని ఎన్నో కేసులను వరుసగా ఎంచుకునే పొడవాటి కేస్ వాక్యానికి ఈ హద్దు వర్తించనక్కర్లేదన్నారు. పన్నెండు నెలల పేర్లు తిరిగి ఇచ్చే ఫంక్షన్‌కు 13 వస్తుంది, కానీ దాన్ని చూసి తికమక పడేవారు ఉండరు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1996లో వెలువరించిన నివేదిక కూడా పదితో మొదలుపెట్టమని చెప్పి, 15 వరకు హద్దు పెట్టుకుని విజయవంతంగా నడిచిన ప్రాజెక్టులున్నాయని పేర్కొంది.

మెక్‌కేబ్ పత్రం వచ్చిన మరుసటి ఏడాది పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన మారిస్ హాల్‌స్టెడ్ మరో దారి పట్టారు. ఆయన లెక్కలో దారులు లేవు, పదజాలం ఉంది. ప్రోగ్రాములో ఎన్ని రకాల ఆపరేటర్లు, ఎన్ని రకాల ఆపరాండ్లు ఉన్నాయి, అవి మొత్తం ఎన్నిసార్లు వచ్చాయి అన్న నాలుగు అంకెల నుంచి పరిమాణం, కష్టం, శ్రమ అనే విలువలు రాబట్టారు. శ్రమ నుంచి ప్రోగ్రాము రాయడానికి పట్టే కాలాన్ని కూడా అంచనా కట్టవచ్చన్న ఆయన ఆశ నిలబడలేదు. పరిమాణం లెక్క మాత్రం ఇతర సూచికల్లో ఇప్పటికీ బతికే ఉంది.

పది ఇఫ్‌లు, మూడు జవాబులు

కొలమానాలు ఒకదానితో ఒకటి ఎందుకు ఏకీభవించవో ఒక చిన్న ఉదాహరణలో చూడవచ్చు. దరఖాస్తును తనిఖీ చేసే మెథడ్‌లో పది షరతులున్నాయనుకుందాం. మొదటి రూపంలో పది ఇఫ్‌లు ఒకదాని కింద ఒకటి, ఎల్స్ లేకుండా ఉన్నాయి. రెండో రూపంలో ప్రతి ఇఫ్ లోపలా మరో ఇఫ్ చొప్పున పదీ ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి. రెండింటికీ మెక్‌కేబ్ సంఖ్య 11. ఆ కొలత దృష్టిలో రెండూ సమానం.

బ్రయాన్ నేజ్మే 1988లో ప్రతిపాదించిన ఎన్‌పాత్ కొలమానం, మొదటి నుంచి చివరి వరకు వెళ్ళగల దారుల మొత్తాన్ని లెక్కిస్తుంది. వరుసగా ఉన్న ప్రతి ఇఫ్ దారులను రెట్టింపు చేస్తుంది. కాబట్టి మొదటి రూపానికి ఎన్‌పాత్ 1024, రెండో రూపానికి 11 మాత్రమే. అంటే వరుస ఇఫ్‌లే ప్రమాదకరమని దీని తీర్పు. షరతుల ప్రభావాలు ఒకదాన్నొకటి తాకుతుంటే ఈ హెచ్చరిక నిజమైనదే. మూడో ఇఫ్‌లో మారిన వేరియబుల్‌ను ఎనిమిదో ఇఫ్ చదువుతుంటే ఆ వెయ్యి కలయికల్లో ఎక్కడో బగ్ దాగి ఉండవచ్చు.

సోనార్‌సోర్స్ సంస్థలో జి. ఆన్ క్యాంప్‌బెల్ రూపొందించిన కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ అనే కొత్త కొలమానం తీర్పు దీనికి పూర్తిగా తలకిందులు. అది మనిషి చదివే తీరును దృష్టిలో పెట్టుకుంటుంది. లోపలికి దిగేకొద్దీ ప్రతి షరతుకూ అదనపు భారం వేస్తుంది. మొదటి ఇఫ్‌కు 1, దాని లోపలి దానికి 2, ఇంకా లోపలి దానికి 3. వరుసగా ఉన్న పది ఇఫ్‌లకు 10 వస్తే, ఒకదానిలో ఒకటి ఉన్న పదింటికి 55 వస్తుంది. పదో స్థాయిలో ఉన్న లైనును అర్థం చేసుకోవాలంటే పై తొమ్మిది షరతులూ మనసులో నిలుపుకోవాలి మరి. స్విచ్ మొత్తానికి ఒక్కసారే లెక్క వేయడం వల్ల నెలల పేర్ల ఫంక్షన్ కూడా ఇందులో తేలిగ్గా బయటపడుతుంది.

ఇందులో ఎవరిది తప్పు అని అడగడం కన్నా ఎవరు ఏ ప్రశ్న వేస్తున్నారో చూడటం మంచిది. మెక్‌కేబ్ టెస్టులు రాసేవారి తరఫున, నేజ్మే దారుల కలయికలను చూసి భయపడేవారి తరఫున, క్యాంప్‌బెల్ చదువరి తరఫున మాట్లాడుతున్నారు. ఇదే మెథడ్‌కు మూడో రూపం కూడా ఉంది. ప్రతి షరతునూ ముందే తనిఖీ చేసి, అర్హత లేకపోతే అక్కడికక్కడే రిటర్న్ అయ్యే పద్ధతి. వీటిని గార్డ్ క్లాజులంటారు. మెక్‌కేబ్ సంఖ్య మళ్ళీ 11, చదువరి భారం 10, నిజంగా నడవగల దారులు కూడా 11. ఒక్క షరతూ తగ్గలేదు, అయినా ఏ దృష్టిలోనూ వెనకబడలేదు. మెథడ్‌కు ఒకే నిష్క్రమణ ఉండాలన్న పాత నియమాన్ని పట్టుకుని గార్డ్ క్లాజులను నిషేధించే జట్లు ఈ లాభాన్ని ఊరికే వదులుకుంటున్నాయని చెప్పాలి.

పొడవు అనే మొరటు కొలత

ఇన్ని సూత్రాలకు ముందూ తర్వాతా నిలిచిన కొలత లైన్ల సంఖ్య. 1988లో మార్టిన్ షెపర్డ్ చేసిన విమర్శ ఈ రంగంలో పెద్ద కుదుపు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, సైక్లొమాటిక్ సంక్లిష్టత చాలా సందర్భాల్లో లైన్ల సంఖ్యకు ప్రతినిధిగా మాత్రమే పనిచేస్తోందని, కొన్నిచోట్ల లైన్ల సంఖ్యే దానికన్నా బాగా ఊహిస్తోందని ఆయన చూపారు. శ్యామ్ చిదంబర్, క్రిస్ కెమరర్ 1994లో క్లాస్‌ల కోసం ప్రతిపాదించిన ఆరు కొలతలకు కూడా తర్వాత ఇదే ప్రశ్న ఎదురైంది. 2001లో ఖాలెద్ ఎల్ ఎమామ్, ఆయన సహచరులు క్లాస్ పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక ఇలాంటి కొలతలకూ లోపాలకూ కనిపించిన సంబంధం కరిగిపోతోందని చూపారు. పెద్దవాటిలో తప్పులు ఎక్కువ ఉంటాయన్నది వింత కాదు. దానికి మించి ఈ కొలత ఏం చెబుతోందన్నదే ప్రశ్న.

హద్దు ఎంత ఉండాలన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంది. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీకి చెందిన జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో ప్రకటించిన పది నియమాల్లో ఒకటి, ఫంక్షన్ ఒక కాగితం మీద పట్టాలన్నది. అంటే సుమారు 60 లైన్లు. పరికరాలు తమంతట తాముగా పెట్టుకునే హద్దులు ఇంకా విచిత్రంగా ఉంటాయి. జావాకు వాడే చెక్‌స్టైల్ 150 లైన్ల దాకా ఒప్పుకుంటుంది, జావాస్క్రిప్ట్ ఈఎస్‌లింట్ నియమం 50 దగ్గర ఆపుతుంది, రూబీ రూబోకాప్ 10కే హెచ్చరిస్తుంది. ఈ తేడాల్లో భాషల స్వభావం కొంత, ఆయా సమాజాల అభిరుచి కొంత ఉన్నాయి.

లైనక్స్ కెర్నెల్ శైలి పత్రం వీటన్నిటికన్నా తెలివైన మాట చెబుతుంది. ఫంక్షన్ ఒకటి రెండు తెరలకు మించకూడదంటూనే, అనుమతించే పొడవు దాని సంక్లిష్టతకూ ఇండెంటేషన్ లోతుకూ విలోమంగా ఉండాలంటుంది. చిన్న చిన్న కేసులతో పొడవుగా సాగే ఫంక్షన్ ఉన్నా పరవాలేదు, లోతుగా దిగే ఫంక్షన్ మాత్రం పొట్టిగా ఉండాలి. దానికి తోడు స్థానిక వేరియబుల్స్ 5 నుంచి 10 దాటకూడదన్న నియమం ఉంది. పొడవైన మెథడ్‌ను విడదీయడానికి ప్రయత్నించినవారికి ఈ రెండో నియమం విలువ బాగా తెలుస్తుంది. ఇండెంటేషన్ విషయంలో 2008లో అబ్రామ్ హిండిల్ బృందం చేసిన పరిశోధన ఆసక్తికరం. కోడ్‌లో ఏముందో చదవకుండా లైన్ల ముందు ఖాళీలు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నాయో కొలిచినా మెక్‌కేబ్, హాల్‌స్టెడ్ అంకెలకు దగ్గరగా వస్తోందని వారు కనుగొన్నారు.

పాల్ ఓమన్, జాక్ హేగ్‌మైస్టర్ 1992లో తెచ్చిన మెయింటెయినబిలిటీ ఇండెక్స్ హాల్‌స్టెడ్ పరిమాణాన్ని, మెక్‌కేబ్ సంఖ్యను, లైన్ల సంఖ్యను ఒకే సూత్రంలో కలిపింది. విజువల్ స్టూడియో దాన్ని 0 నుంచి 100 మధ్యకు కుదించి, 20కి పైన ఆకుపచ్చ రంగు చూపిస్తుంది. ఒకే అంకె కావాలనుకునే మేనేజర్లకు ఇది నచ్చుతుంది. కానీ అంకె పడిపోయినప్పుడు ఏది మార్చాలో అది చెప్పదు. పైగా ప్రాజెక్టు మొత్తానికి సగటు తీస్తే, పుట్టుకతోనే చిన్నవైన వందల గెటర్ మెథడ్‌ల మధ్య ఒక్క రాక్షస మెథడ్ కనబడకుండా పోతుంది.

కొలత కోర్టుకెక్కిన సందర్భం ఒకటి ఉంది. 2007లో అమెరికాలోని ఓక్లహామాలో 2005 మోడల్ టొయోటా కామ్రీకి జరిగిన ప్రాణాంతక ప్రమాదంపై 2013లో విచారణ సాగింది. ఫిర్యాదుదారుల తరఫు నిపుణుడు మైకేల్ బార్, ఇంజిన్ నియంత్రణ కోడ్‌లో 67 ఫంక్షన్ల సైక్లొమాటిక్ సంక్లిష్టత 50 దాటిందని, థ్రాటిల్ కోణానికి సంబంధించిన ఫంక్షన్‌కు 100 పైన వచ్చిందని సాక్ష్యమిచ్చారు. 50 దాటితే పరీక్షించలేనిది, 100 దాటితే చేయి పెట్టలేనిది అన్నది ఆయన వాడిన వర్గీకరణ. జ్యూరీ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అయితే అంతకు ముందు 2011లో ప్రభుత్వ సంస్థ కోరగా పరిశీలించిన నాసా ఇంజినీర్లకు, హఠాత్తుగా వేగం పుంజుకోవడానికి కారణమైన ఎలక్ట్రానిక్ లోపమేదీ దొరకలేదు. సంక్లిష్టత సంఖ్య తప్పు ఉందని నిరూపించదు. తప్పు లేదని నిరూపించడం ఎంత కష్టమో చెబుతుంది. మనుషుల ప్రాణాలు ఆధారపడిన కోడ్‌కు ఆ మాటే చాలా బరువైనది.

కొలత కంటికి ఆనని లోపాలూ ఉన్నాయి. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సరిదిద్దిన ‘గోటూ ఫెయిల్’ భద్రతా లోపానికి కారణం ఒక లైను రెండుసార్లు పడటం. రెండో లైను ఇఫ్ పరిధిలోకి రాక, ప్రతిసారీ అమలై, సంతకం తనిఖీని దాటవేసింది. ఆ ఒక్క లైను ఏ సంక్లిష్టత కొలతనూ గమనించదగినంతగా పెంచదు. ఎన్నటికీ అమలుకు చేరని కోడ్‌ను పట్టుకునే హెచ్చరికో, సరైన టెస్టో ఉంటే దొరికేది.

విడదీసే పని

రీఫ్యాక్టరింగ్‌కు శాస్త్రీయ పునాది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పడింది. రాల్ఫ్ జాన్సన్ పర్యవేక్షణలో విలియం ఆప్‌డైక్ 1992లో సమర్పించిన సిద్ధాంత గ్రంథం, ఏ షరతులు నెరవేరితే ఒక మార్పు ప్రోగ్రాము ప్రవర్తనను చెడగొట్టదో వివరించింది. అక్కడే జాన్ బ్రాంట్, డాన్ రాబర్ట్స్ స్మాల్‌టాక్ కోసం తొలి రీఫ్యాక్టరింగ్ బ్రౌజర్ తయారుచేశారు. 1999లో మార్టిన్ ఫౌలర్ పుస్తకం ఈ విద్యను ప్రతి ప్రోగ్రామరుకూ చేర్చింది. చెడిన కోడ్‌ను వాసనను బట్టి పసిగట్టాలన్న మాట కెంట్ బెక్‌ది. ఆ పుస్తకంలోని వాసనల జాబితాలో పొడవైన మెథడ్‌ది ముఖ్యమైన చోటు. దానికి మందు చాలావరకు ఒక్కటే: ఎక్స్‌ట్రాక్ట్ మెథడ్. మెథడ్‌లోని కొన్ని లైన్లను తీసి, వేరే మెథడ్‌గా చేసి, పేరు పెట్టి, పాత చోట ఆ పేరుతో పిలవడం.

వినడానికి సులువు. కష్టమంతా స్థానిక వేరియబుల్స్‌లో ఉంది. కరెంటు బిల్లు తయారుచేసే రెండు వందల లైన్ల మెథడ్‌ను ఊహించండి. మొదట మీటరు రీడింగులు సరిచూస్తుంది, తర్వాత యూనిట్లను స్లాబుల వారీగా లెక్క కడుతుంది, పాత బకాయి, ఆలస్య రుసుము కలుపుతుంది, చివరకు ముద్రించాల్సిన వరుసలు సిద్ధం చేస్తుంది. స్లాబుల భాగాన్ని బయటికి తీయాలి. ఆ భాగం చదివే విలువలు, అంటే యూనిట్లు, కనెక్షన్ రకం, కొత్త మెథడ్‌కు పారామీటర్లవుతాయి. ఆ భాగం మార్చి, తర్వాతి లైన్లకు అందించే విలువ రిటర్న్ విలువవుతుంది. అది ఒక్కటే అయితే పని అయిపోయినట్టే. కానీ ఇక్కడ రెండున్నాయి: మొత్తం సొమ్ము, చేరిన ఆఖరి స్లాబు. ముద్రణ భాగానికి రెండోది కూడా కావాలి. ఎడిటర్ ఇక్కడ కుదరదంటుంది.

ఎడిటర్ మొరాయించిన చోటు చాలాసార్లు అసలు విషయాన్ని బయటపెడుతుంది. రెండు విలువలు ఎప్పుడూ జంటగా ప్రయాణిస్తున్నాయంటే, వాటిని కలిపి పట్టుకునే ఒక భావనకు కోడ్‌లో ఇంకా పేరు పెట్టలేదని అర్థం. సొమ్ము, స్లాబు కలిసి ‘స్లాబు లెక్క’ అనే చిన్న క్లాస్ అయితే మెథడ్ దాన్ని తిరిగి ఇవ్వవచ్చు. ఒక విలువను ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి లెక్కించగలిగితే, తాత్కాలిక వేరియబుల్ తీసేసి దాని స్థానంలో ఒక చిన్న మెథడ్ పెట్టవచ్చు. ఒకే లూప్ రెండు పనులు చేస్తుంటే లూప్‌ను రెండుగా చీల్చవచ్చు. వేరియబుల్స్ మరీ అల్లుకుపోయి ఏదీ సాధ్యపడకపోతే, మెథడ్ మొత్తాన్ని ఒక కొత్త క్లాస్‌గా మార్చి స్థానిక వేరియబుల్స్‌ను దాని ఫీల్డులు చేయడం ఆఖరి ఉపాయం. ఆ తర్వాత ముక్కలు తేలిగ్గా ఊడివస్తాయి. ఎక్కడ కోయాలో తెలియనప్పుడు వ్యాఖ్యలను చూడమంటారు ఫౌలర్. ‘ఇక్కడ బకాయి కలుపుతున్నాం’ అని ఎవరో రాసిన కామెంట్ కింద ఒక మెథడ్, దాని పేరుతో సహా, ఎదురుచూస్తూ ఉంటుంది.

ఏ వేరియబుల్ లోపలికి వెళ్ళాలి, ఏది బయటికి రావాలి అన్న ఈ లెక్కను పరికరాలకు అప్పజెప్పడం సులభం కాదు. అందుకే 2001లో ఫౌలర్, ఎక్స్‌ట్రాక్ట్ మెథడ్ చేయగలిగిన పరికరమే నిజంగా గీత దాటినట్టు లెక్క అని రాశారు. అదే ఏడాది వచ్చిన ఇంటెల్లిజే ఐడియా, ఆ తర్వాత ఎక్లిప్స్ జావాలో ఆ గీత దాటాయి. అయినా ఎమర్సన్ మర్ఫీ-హిల్, ఆయన సహచరులు 2009లో పరిశీలించినప్పుడు దాదాపు 90 శాతం రీఫ్యాక్టరింగులను ప్రోగ్రామర్లు చేతితోనే చేస్తున్నట్టు తేలింది.

చేతితో చేసేటప్పుడు, ముఖ్యంగా టెస్టులు లేని పాత కోడ్‌లో, ముందు రక్షణ కావాలి. మైకేల్ ఫెదర్స్ 2004 పుస్తకం ఈ పరిస్థితి గురించే. కోడ్ ఏం చేయాలో కాక ఇప్పుడు ఏం చేస్తోందో నమోదు చేసే టెస్టులను ఆయన క్యారెక్టరైజేషన్ టెస్టులన్నారు. తప్పుగా అనిపించిన ఫలితాన్ని కూడా ఉన్నదున్నట్టు టెస్టులో రాస్తారు. ఎందుకంటే ఆ తప్పు మీద మరో వ్యవస్థ ఆధారపడి ఉండవచ్చు. రీఫ్యాక్టరింగ్ చేస్తూ మధ్యలో బగ్ సరిదిద్దడం మొదలుపెడితే, తర్వాత ఏదైనా విరిగినప్పుడు ఏ మార్పు వల్ల విరిగిందో తెలియదు. వై2కే నాటి నుంచి ఇతరులు రాసిన కోడ్‌ను సాకుతూ వచ్చిన హైదరాబాదు ప్రోగ్రామర్లకు ఈ క్రమశిక్షణ విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు. రాసినవాళ్ళు ఎక్కడో ఉంటారు, నడుస్తున్న వ్యవస్థ ఒక్కటే చేతిలో ఉండే సాక్ష్యం.

గిల్డెడ్ రోజ్: లెక్క చూద్దాం

టెర్రీ హ్యూస్ సీ షార్ప్‌లో రూపొందించగా ఎమిలీ బాష్ ఎన్నో భాషల్లోకి తెచ్చిన గిల్డెడ్ రోజ్ అభ్యాసం ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు సాధన చేసేది. ఒక సత్రంలో సరుకులున్నాయి. ప్రతి సరుకుకూ అమ్మాల్సిన గడువు, నాణ్యత అనే రెండు అంకెలుంటాయి. రోజు గడిచేకొద్దీ మామూలు సరుకుల నాణ్యత తగ్గుతుంది, గడువు దాటితే రెట్టింపు వేగంతో తగ్గుతుంది. ఏజ్డ్ బ్రీ అనే జున్ను మాత్రం పాతబడేకొద్దీ మెరుగవుతుంది. సల్ఫ్యూరాస్ అనే సరుకు ఎన్నటికీ మారదు. కచేరీ పాసుల విలువ గడువు దగ్గరపడేకొద్దీ పెరిగి, కచేరీ అయిపోగానే సున్నా అవుతుంది. మామూలుగా నాణ్యత 0 కన్నా తగ్గదు, 50 దాటదు. ఇదంతా ఒకే మెథడ్‌లో, ఆరు మెట్ల లోతు దాకా దిగే ఇఫ్‌లతో రాసి ఉంటుంది. దానికి కంజ్యూర్డ్ అనే కొత్త సరుకు రకాన్ని చేర్చాలి.

జావా రూపంలో ఆ మెథడ్ సైక్లొమాటిక్ సంక్లిష్టత 19. కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ 60 దాటుతుంది. ఇప్పుడు ఒక్కో సరుకు రకానికి ఒక్కో మెథడ్ రాద్దాం. మామూలు సరుకుకు 2, జున్నుకు 2, పాసుకు 4, సల్ఫ్యూరాస్‌కు 1 వస్తాయి. నాణ్యతను హద్దు మీరకుండా పెంచే, తగ్గించే రెండు సహాయక మెథడ్‌లకు రెండేసి. సరుకును బట్టి సరైన మెథడ్‌ను పిలిచే లూప్, స్విచ్ ఉన్న పై మెథడ్‌కు 5. అన్నీ కూడితే 18.

పందొమ్మిది నుంచి పద్దెనిమిది! మొత్తం మీద చూస్తే ఏమీ తగ్గలేదు. తగ్గే అవకాశమూ లేదు, ఎందుకంటే ఆ షరతులు సత్రం వ్యాపారంలోనివి, కోడ్ శైలిలోనివి కావు. మారింది పంపిణీ. ఒక్కో మెథడ్‌లో గరిష్ఠం 5కి దిగింది. మునుపు జున్ను గురించి తెలుసుకోవాలంటే మెథడ్ మొత్తం చదవాలి, దాని పేరు రెండు చోట్ల ‘కాదు’ అనే షరతులో దాగి ఉంటుంది. ఇప్పుడు జున్ను నియమాలు ఒక్కచోట, నాలుగైదు లైన్లలో ఉన్నాయి. కంజ్యూర్డ్ సరుకు చేర్చడానికి ఒక కొత్త మెథడ్, స్విచ్‌లో ఒక కొత్త కేస్ చాలు.

ఇదే 19ని వేరేలా కూడా తగ్గించవచ్చు. మెథడ్‌ను సరిగ్గా మధ్యకు కోసి, గడువు తగ్గించక ముందు భాగం ఒకటి, ఆ తర్వాతి భాగం ఒకటి అని రెండు మెథడ్‌లు చేస్తే గరిష్ఠ అంకె తగ్గుతుంది, హెచ్చరిక తగ్గుముఖం పడుతుంది. కానీ జున్ను నియమాలు ఇప్పుడు రెండు మెథడ్‌లలో చెదిరి ఉంటాయి, చదువరి పని ఇంకా కష్టమవుతుంది. మొదటి కోత పార్నాస్ చెప్పినట్టు మారే నిర్ణయం వెంట వెళ్ళింది, రెండోది పని జరిగే క్రమం వెంట వెళ్ళింది. ఈ రెండు కోతల మధ్య ఉన్న ఇంత తేడాను గరిష్ఠ అంకె పట్టుకోలేదు.

ఎంత చిన్నగా?

2008లో వచ్చిన తన పుస్తకంలో రాబర్ట్ సి. మార్టిన్ ఫంక్షన్లు చిన్నగా ఉండాలని, ఆపై ఇంకా చిన్నగా ఉండాలని, ఇరవై లైన్లకు చేరడమే అరుదు కావాలని వాదించారు. పదేళ్ళ తర్వాత స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ ఔస్టర్‌హౌట్ గట్టిగా విభేదించారు. పొడవు ఒక్కటే విడదీయడానికి కారణం కాదని, ఒక ముక్కను అర్థం చేసుకోవడానికి రెండోదాన్ని తెరిచి చూడక తప్పకపోతే ఆ విభజన నష్టమేనని ఆయన వాదన. గేమ్ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ కూడా 2007 నాటి లేఖలో, ఒకే చోట ఒకేసారి పిలిచే ఫంక్షన్లను తిరిగి లోపలే రాస్తే ఏ స్థితి ఎప్పుడు మారుతోందో స్పష్టంగా కనిపిస్తుందని రాశారు. గేములు, రాకెట్ నియంత్రణ వంటి చోట్ల అమలు క్రమమే అసలు సమస్య కాబట్టి ఆయన మాటకు అక్కడ బలముంది. వ్యాపార నియమాలున్న కోడ్‌లో ఔస్టర్‌హౌట్ పరీక్షే ఎక్కువ పనికొస్తుంది: మెథడ్ పేరు చదివి లోపలికి వెళ్ళకుండా ముందుకు సాగగలిగితే విభజన సరైనది.

మెథడ్ పిలుపుల వల్ల వేగం తగ్గుతుందన్న భయం పాతకాలపుది. జావాలో నిజం దీనికి తలకిందులుగా ఉండవచ్చు. హాట్‌స్పాట్ వర్చువల్ మెషీన్ చిన్న మెథడ్‌లను పిలిచిన చోటే ఇమిడ్చేస్తుంది. 35 బైట్ల బైట్‌కోడ్ లోపు ఉన్నవి మామూలుగానే ఇందుకు అర్హమైనవి, పదేపదే నడిచేవాటికి హద్దు 325. అదే 8000 బైట్లు దాటిన మెథడ్‌ను మామూలు అమరికలో అది యంత్ర భాషలోకి మార్చనే మార్చదు, ఇంటర్‌ప్రెటర్‌లో నెమ్మదిగా నడిపిస్తుంది. 64 కిలోబైట్లు దాటితే జావా కంపైలరే తిరస్కరిస్తుంది. తనంతట తాను జావా కోడ్ పుట్టించే అపాచీ స్పార్క్ ఈ హద్దులకు తగిలి, పొడవైన మెథడ్‌లను ముక్కలు చేయడం నేర్చుకోవలసి వచ్చింది.

ఎక్కడ మొదలుపెట్టాలి

పాత ప్రాజెక్టు మీద కొలత పరికరం నడిపితే వందల హెచ్చరికలు వస్తాయి. పెద్ద అంకెతో మొదలుపెట్టడం సహజమైన కోరిక, కానీ మంచిది కాదు. ఆ మెథడ్‌ను ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోకపోతే దాని సంక్లిష్టత ఎవరికీ ఖర్చు కాదు. ఆడమ్ టార్న్‌హిల్ ప్రచారంలోకి తెచ్చిన హాట్‌స్పాట్ పద్ధతి ఇందుకు పనికొస్తుంది. గిట్ చరిత్ర నుంచి ఏ ఫైలు ఎన్నిసార్లు మారిందో తీసి, దాని పక్కన సంక్లిష్టతను పెట్టి చూస్తారు. తరచూ మారుతూ సంక్లిష్టంగానూ ఉన్నవి సాధారణంగా కొద్ది ఫైళ్ళే అవుతాయి.

ప్రోగ్రామర్ల ప్రవర్తన కూడా దీనికి అనుగుణంగానే ఉంది. డానిలో సిల్వా, నికొలావోస్ త్సాంటాలిస్, మార్కో టూలియో వాలెంటె 2016లో గిట్‌హబ్‌లో అప్పుడే రీఫ్యాక్టరింగ్ చేసినవారిని ఎందుకు చేశారని అడిగారు. కోడ్ వాసనల కన్నా మారిన అవసరాలే ఎక్కువగా కారణమని తేలింది. ఎక్స్‌ట్రాక్ట్ మెథడ్ ఒక్కదానికే 11 వేర్వేరు ఉద్దేశాలు కనిపించాయి. కొత్త సౌకర్యం చేర్చబోయే చోట ముందు దారి చదును చేసుకుంటారు, పొడవు తగ్గడం దాని వెంట వస్తుంది. మర్ఫీ-హిల్ బృందం దీన్ని పళ్ళు రోజూ శుభ్రం చేసుకోవడంతో పోల్చి, పని ఆపేసి చేసే పెద్ద శుద్ధిని రూట్ కెనాల్ అంది.

కాబట్టి బిల్డ్‌లో హద్దు పెట్టేటప్పుడు పాత కోడ్ మొత్తాన్ని ఒకేసారి దోషిగా నిలబెట్టకుండా, కొత్తగా రాసిన, మార్చిన మెథడ్‌లకే వర్తింపజేయడం మేలు. సోనార్‌క్యూబ్ వంటి పరికరాల్లో ఇందుకు వీలుంది, కాగ్నిటివ్ కాంప్లెక్సిటీకి అది పెట్టుకునే హద్దు 15. పాత మెథడ్‌లకు ఇప్పుడున్న అంకెనే పైకప్పుగా నమోదు చేసి, తగ్గినప్పుడల్లా కొత్త అంకెను రాసుకుంటూ పోయే జట్లూ ఉన్నాయి. మినహాయింపు కోరే ప్రతి మెథడ్ పైనా కారణం ఒక వాక్యంలో రాయమంటే, కోడ్ సమీక్షలో చర్చ అంకె మీద కాకుండా ఆ వాక్యం మీద జరుగుతుంది. పార్సర్ జనరేటర్ల వంటివి పుట్టించిన కోడ్‌ను లెక్క నుంచి పూర్తిగా తప్పిస్తారు. దాన్ని మనిషి చదవడు, మార్చడు. మార్చాల్సింది దానికి మూలమైన వ్యాకరణ ఫైలును.